ఒక కంటికి ఉన్నట్టుండి మసక కమ్మితే అద్దాల షాపుతో ఆగొద్దు: కంటి నరం వాపు గురించి తెలుసుకోవాల్సినవి

కాజీపల్లి: రాత్రి షిఫ్టు దిగి పడుకున్న మనిషి మధ్యాహ్నం లేచేసరికి ఒక కంటికి పొగమంచు పట్టినట్టు ఉందనుకోండి. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపలెక్కడో నొప్పి. ఇంట్లో అమ్మీ నజర్ తగిలిందంటుంది. తోటి పనివాళ్లు ఫ్యాక్టరీ పొగ కొట్టిందంటారు. మెడికల్ షాపులో చుక్కల మందు ఇస్తారు. రెండు రోజులకు చూపు ఇంకాస్త తగ్గుతుంది, ఎరుపు రంగు ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా కనబడుతుంది. అద్దాల షాపుకు వెళితే నంబరు మారలేదంటారు. కన్ను ఎర్రబడదు, పుసి కట్టదు. పైకి చూస్తే అంతా బాగానే ఉంటుంది.

ఇవన్నీ కలిసి వస్తే కంటి డాక్టర్లు మొదట అనుమానించేది ఆప్టిక్ న్యూరైటిస్‌ను, అంటే కంటి నరం వాపును. చాలామందికి ఇది తగ్గిపోయే జబ్బే. కానీ కొందరికి ఇది మెదడు, వెన్నుపాముకు సంబంధించిన పెద్ద జబ్బు చేసే మొదటి చప్పుడు. అలాంటివారిలో మొదటి వారం ఎక్కడ గడిచిందన్న దాని మీదే ఆ కంటి చూపు నిలవడం, పోవడం చాలావరకు ఆధారపడి ఉంటుంది. కాజీపల్లి, బొల్లారం, గడ్డపోతారం, పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలకు ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. దాని సంగతి కింద చూద్దాం.

నొప్పి కంట్లో, జబ్బు నరంలో

కన్ను కెమెరా అయితే, ఆ బొమ్మను మెదడుకు మోసుకెళ్లే తీగ ఆప్టిక్ నర్వ్. ఒక్కో నరంలో 10 లక్షలకు పైగా సన్నటి పోగులు ఉంటాయి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు ఈ పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. పేరుకు నరమే గానీ, దాని తయారీ చూస్తే ఇది మెదడులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక ముక్క. అందుకే మెదడుకు వచ్చే జబ్బులు దీనికీ వస్తాయి.

మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ పని బయటినుంచి వచ్చే క్రిములను కొట్టడం. ఒక్కోసారి అది దారి తప్పి సొంత ఒంటినే కొడుతుంది. దీన్నే ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబరులో చెప్పినప్పుడు తెలుగు ఇళ్లలో చాలామంది ఈ మాట మొదటిసారి విన్నారు. ఆమెది కండరాలకు వచ్చే జబ్బు. అదే దాడి కంటి నరం మైలిన్ మీద జరిగితే తొడుగు ఊడిన తీగలో సిగ్నల్ ఆగి ఆగి నడుస్తుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. సుర్మా పెట్టినా, గులాబ్ జల్ వేసినా, ఖరీదైన చుక్కలు వేసినా అవి కంటి పైపొర దాటవు. నరం ఉండేది కనుగుడ్డు వెనకాల.

పేషెంటుకూ కనబడదు, డాక్టరుకూ కనబడదు

వైద్య విద్యార్థులు ఈ జబ్బు గురించి సరదాగా చెప్పుకునే మాట ఇది. దాదాపు మూడింట రెండొంతుల మందిలో వాపు నరం వెనక భాగంలో ఉంటుంది. కంటిలోకి లైటు వేసి చూసినా నరం మొదలు మామూలుగానే కనిపిస్తుంది. అనుభవం లేని చోట 'కన్ను బాగుంది, టెన్షన్ పడకండి' అని పంపేసే ప్రమాదం ఇక్కడే.

దీన్ని పట్టేది మామూలు టార్చి లైటే. ఒక కంటి నుంచి ఇంకో కంటికి లైటు మార్చి మార్చి వేస్తే, జబ్బు ఉన్న కంటి పాప చిన్నది కావాల్సింది పోయి పెద్దదవుతుంది. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఇంకా సులువు. ఎర్రటి సీసా మూత ఒకటి పట్టుకుని ఒక కన్ను మూసి చూడాలి, తర్వాత రెండోది మూసి చూడాలి. ఒక కంటికి ఎరుపు పాలిపోయి, ఇటుక రంగులోనో బూడిద రంగులోనో కనబడితే అది నరం మాట్లాడుతున్నట్టే. రెండు కళ్లూ తెరిచే తిరుగుతాం కాబట్టి ఒకటి తగ్గినా చాలామందికి వెంటనే తెలియదు.

ఇంకో రెండు వింత లక్షణాలున్నాయి. ఒకటి వేడి. జర్మన్ కంటి డాక్టరు విల్హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లో రాసిందేమిటంటే, ఈ జబ్బు వచ్చినవారికి ఒళ్లు వేడెక్కితే చూపు కాసేపు తగ్గుతుంది, చల్లబడితే తిరిగి వస్తుంది. బాయిలర్ దగ్గర పని, మే నెల ఎండ, వేడినీళ్ల స్నానం, జ్వరం, ఏదైనా కావచ్చు. ఇది కొత్త దాడి కాదు, కొత్తగా నష్టమూ జరగదు, కానీ తెలియకపోతే మనిషి హడలిపోతాడు. రెండోది దూరం అంచనా తప్పడం. దెబ్బతిన్న నరంలో సిగ్నల్ ఆలస్యంగా చేరుతుంది కాబట్టి కదిలే వాహనం ఉన్న చోట కాకుండా పక్కకో, దగ్గరికో ఉన్నట్టు అనిపిస్తుంది. పటాన్‌చెరులో బొంబాయి హైవే దాటే మనిషికి ఇది చిన్న విషయం కాదు. చార్టు మీద అక్షరాలన్నీ చదివినా, 'రోడ్డు దాటాలంటే భయంగా ఉంది' అంటే ఇంట్లోవాళ్లు నమ్మాలి.

మూడు జబ్బులు, మూడు దార్లు

కంటి నరం వాపు అనేది ఒక లక్షణం. దాని వెనక ఏ జబ్బు ఉందో తేల్చడమే అసలు పని, ఎందుకంటే ఒకదానికి మందు అనేది ఇంకొకదానికి ముప్పు.

మొదటిది మల్టిపుల్ స్క్లిరోసిస్, పొట్టిగా ఎంఎస్. ఇది చల్లటి దేశాల్లో ఎక్కువ, మన దేశంలో తక్కువే కానీ లేకపోలేదు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ. ఇందులో సాధారణంగా ఒక కన్నే దెబ్బతింటుంది, చూపు చాలావరకు తిరిగి వస్తుంది. అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనంలో కంటి నరం వాపు వచ్చినవారిని 15 ఏళ్లు గమనించారు. వారిలో సగం మందికి ఎంఎస్ తేలింది. మొదటి రోజు తీసిన మెదడు ఎమ్మారైలో మచ్చలు లేనివారిలో ఇది 25 శాతం, ఒక్క మచ్చ అయినా ఉన్నవారిలో 72 శాతం. ఆ లెక్కలు అక్కడివారివి, మన దగ్గర అవే అంకెలు ఉంటాయని కాదు. అయితే ఎమ్మారై ఎందుకు రాస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండోది న్యూరోమైలైటిస్ ఆప్టికా, ఎన్‌ఎంవో. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో యూజీన్ దెవిక్ 1894లో వివరించిన జబ్బు ఇది. వందేళ్లకు పైగా దీన్ని ఎంఎస్‌లో ఒక రకమనే అనుకున్నారు. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన వాండా లెనన్ బృందం ఈ రోగుల రక్తంలో ఒక ప్రత్యేకమైన యాంటీబాడీని కనిపెట్టింది. అది దాడి చేసేది ఆక్వాపోరిన్-4 అనే నీటి ద్వారం మీదనని మరుసటి ఏడాది తేలింది. కణాల్లోకి నీరు వెళ్లే ఈ ద్వారాలను కనుగొన్నందుకే పీటర్ ఆగ్రెకు 2003లో నోబెల్ వచ్చింది. నీటి దారి కనుక్కున్న పనికీ, చూపు పోయే జబ్బుకూ లింకు ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకొని ఉండరు.

ఎక్కువ భయపడాల్సింది ఈ ఎన్‌ఎంవోకే. ఆక్వాపోరిన్ యాంటీబాడీ ఉన్న రోగుల్లో మగవారి కంటే ఆడవాళ్లు చాలా రెట్లు ఎక్కువ. దాడి గట్టిగా ఉంటుంది, రెండు కళ్లకూ రావొచ్చు. ఒక్కో దాడి కొంత శాశ్వత నష్టం మిగిల్చి పోతుంది. వెన్నుపాముకు వస్తే కాళ్లు పడిపోతాయి, మూత్రం ఆగిపోతుంది. కొందరిలో మొదటి గుర్తు ఏమిటంటే రోజుల తరబడి ఆగని వెక్కిళ్లు, వాంతులు. గ్యాస్ అనుకుని కడుపు డాక్టరు దగ్గర ఎండోస్కోపీలు చేయించుకుంటారు. కొన్ని వారాలకు చూపు పోతుంది. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పకపోతే ఇంట్లోవాళ్లకు తెలిసే దారి లేదు. కాబట్టి కంటి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు పాత వెక్కిళ్ల సంగతి, కాళ్ల తిమ్మిర్ల సంగతి అడగకపోయినా చెప్పాలి.

మూడోది మాగ్ యాంటీబాడీ జబ్బు. పిల్లల్లోనూ పెద్దల్లోనూ వస్తుంది. రెండు కళ్లూ ఒకేసారి పోవడం, నరం మొదలు బాగా ఉబ్బి కనబడటం దీని పద్ధతి. స్టెరాయిడ్‌కు త్వరగా లొంగుతుంది, కానీ మందు తొందరగా తగ్గిస్తే మళ్లీ తిరగబెట్టొచ్చు. చాలామందికి ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది. పిల్లవాడు బోర్డు కనబడటం లేదంటే, దాంతోపాటు జ్వరం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే అద్దాల కోసం ఆదివారం దాకా ఆగకూడదు.

ఏది ఏదో తేల్చేది రక్త పరీక్ష, కళ్లు, మెదడు, వెన్నుపాము ఎమ్మారై. యాంటీబాడీ పరీక్షల్లో కణాల మీద చేసే పద్ధతి ఎక్కువ నమ్మదగినది, ల్యాబులో ఆ మాట అడగొచ్చు. రక్తం వీలైతే చికిత్స మొదలుకాకముందే తీస్తారు. రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, అంతదాకా మందు ఆపి కూర్చోరు.

మెడికల్ షాపు మాత్రతో నష్టం

స్టెరాయిడ్ అంటే మన ఇళ్లలో రెండు రకాల మనుషులున్నారు. పేరు వింటేనే పారిపోయేవాళ్లు కొందరు. ఆర్‌ఎంపీ ఇచ్చిన తెల్ల మాత్రలను నెలల తరబడి మింగేవాళ్లు ఇంకొందరు. ఈ జబ్బులో ఇద్దరూ నష్టపోతారు.

పైన చెప్పిన అమెరికా అధ్యయనంలో 457 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మిథైల్ ప్రెడ్నిసొలోన్ మూడు రోజులు నరంలోకి ఎక్కించి, తర్వాత 11 రోజులు మాత్రలు ఇచ్చారు. ఇంకో జట్టుకు మామూలు డోసులో ప్రెడ్నిసోన్ మాత్రలే ఇచ్చారు. మూడో జట్టుకు ఉత్తి మాత్రలు. 1992లో వచ్చిన ఫలితం డాక్టర్లనే ఆశ్చర్యపరిచింది. డ్రిప్ ఎక్కించినవారికి చూపు త్వరగా వచ్చింది. మాత్రలు మాత్రమే మింగినవారికి లాభం లేకపోగా, జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. మన షాపుల్లో దొరికే ప్రెడ్నిసొలోన్ ఆ మాత్రకు దగ్గరి చుట్టమే. కాబట్టి చీటీ లేకుండా కొన్న చిన్న డోసు వైద్యం చేయకపోవడం కంటే కూడా చెడ్డది కావొచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి మూడు జట్ల చూపూ దాదాపు ఒకేలా ఉంది, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బాగానే కోలుకున్నారు. దాన్ని పట్టుకుని 'అదే తగ్గుతుంది' అనే మాట పుట్టింది. ఎంఎస్ తరహా వాపుకు అది చాలావరకు నిజం. ఎన్‌ఎంవో ఉన్న మనిషికి అదే మాట చెబితే కన్ను పోతుంది. అక్కడ ప్రతి రోజూ లెక్కే, చికిత్స ఎంత ముందు మొదలైతే అంత చూపు మిగులుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. మొదటి రోజున ఏది ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి, తొందరపడటమే లాభం.

డ్రిప్‌కు లొంగకపోతే ప్లాస్మా మార్పిడి చేస్తారు. రక్తం తీసి, అందులోని యాంటీబాడీలున్న ద్రవాన్ని వేరుచేసి, బదులుగా ఆల్బుమిన్ కలిపి తిరిగి ఎక్కిస్తారు. సాధారణంగా రోజు విడిచి రోజు 5 నుంచి 7 సార్లు. డయాలసిస్ లాంటిదే అనుకుని కిడ్నీ పోయిందేమోనని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. కిడ్నీకీ దీనికీ సంబంధం లేదు. షుగర్ ఉన్నవారికి స్టెరాయిడ్ డ్రిప్ రోజుల్లో షుగర్ బాగా పెరుగుతుంది, నిద్ర పట్టదు, కోపం వస్తుంది. ముందే తెలిస్తే ఇంట్లో గొడవలు కొంచెం తగ్గుతాయి.

ఇది ఫ్యాక్టరీ వల్ల వచ్చిందా?

పైన చెప్పిన చిక్కు ఇదే. పటాన్‌చెరు ప్రాంతపు మందుల కంపెనీల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్స్ ఎంత ఉన్నాయో స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించినప్పటి నుంచి ఈ పట్టీ పేరు ప్రపంచానికి తెలుసు. ఇక్కడ ఎవరికి ఏ జబ్బు వచ్చినా గాలినీ నీటినీ అనడం సహజం. అయితే ఇక్కడి కాలుష్యం వల్ల ఎంఎస్ గానీ ఎన్‌ఎంవో గానీ వస్తుందని నిరూపించినవారు లేరు. ద్రావకాలతో పనిచేసేవారిలో ఎంఎస్ ముప్పు కొంత ఎక్కువని, పొగతాగడం, వంశపు జన్యువులు తోడైతే మరింత పెరుగుతుందని స్వీడన్ అధ్యయనం ఒకటి 2018లో చెప్పింది. అది సంబంధం మాత్రమే, కారణమని తేల్చినట్టు కాదు. ఎక్కువ రుజువులున్నవి ఎప్‌స్టీన్-బార్ వైరస్, పొగతాగడం, విటమిన్ డి లోపం.

కానీ ఫ్యాక్టరీ వల్ల నేరుగా కంటి నరం చచ్చే దారి ఇంకొకటి ఉంది, అది మిథనాల్. బల్క్ డ్రగ్ యూనిట్లలో ఇది మామూలుగా వాడే ద్రావకం. నోట్లోకి పోయినా, మూసి ఉన్న చోట ఎక్కువగా పీల్చినా, ఒంటి మీద ఒలికి చర్మంలోంచి ఇంకినా విషమే. కల్తీ మద్యంలో కళ్లు పోవడానికి కారణమూ ఇదే. లక్షణాలు సాధారణంగా 12 నుంచి 24 గంటల తర్వాత బయటపడతాయి. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ల ముందు మంచు కురుస్తున్నట్టు తెల్లగా ఉండటం. తేడా గుర్తుపెట్టుకోవాలి: మిథనాల్‌లో రెండు కళ్లూ ఒకేసారి తగ్గుతాయి, కన్ను తిప్పితే నొప్పి ఉండదు. ఇది గంటల్లో ప్రాణం తీసే ఎమర్జెన్సీ. సూపర్‌వైజర్‌కు భయపడి ఒలికిన సంగతి దాచిపెడితే డాక్టరుకు దారి దొరకదు. ఏ రసాయనంతో పనిచేశారో దాని పేరు, డ్రమ్ము మీది లేబుల్ ఫొటో వెంట తీసుకెళ్లాలి.

టీబీ మందులు వాడే ఇళ్లకు ఇంకో మాట. ఎథాంబ్యూటాల్ అనే మందు కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మన దేశపు మామూలు కోర్సులో ఇది ఆరు నెలలూ ఉంటుంది. రెండు కళ్లూ నొప్పి లేకుండా మెల్లగా మసకబారడం, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోవడం దీని గుర్తులు. సొంతంగా కోర్సు మొత్తం మానేయకుండా అదే రోజు టీబీ సెంటర్‌లో చెప్పాలి.

మళ్లీ రాకుండా ఉండాలంటే

చూపు తిరిగి వచ్చాక మందు ఎందుకని చాలామంది ఆపేస్తారు. ఎన్‌ఎంవోలో మందు వాడేది వచ్చిన దాడికి కాదు, రాబోయే దాడికి. అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ మాత్రలు, ఆరు నెలలకోసారి ఎక్కించే రిటుక్సిమాబ్ మన దగ్గర ఎక్కువగా వాడుతారు. జపాన్‌లో 38 మంది మీద జరిగిన పరీక్షలో రిటుక్సిమాబ్ తీసుకున్న 19 మందిలో 72 వారాలపాటు ఎవరికీ జబ్బు తిరగబెట్టలేదు. ఉత్తి మందు తీసుకున్న 19 మందిలో ఏడుగురికి తిరగబెట్టింది. ఈ మందును చవకగా మన దేశానికి తెచ్చింది మన పక్కింటి కంపెనీయే. బాచుపల్లిలో బయోలాజిక్స్ కేంద్రం ఉన్న డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో దీన్ని విడుదల చేసింది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు తప్పనిసరి. ఎంఎస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ లాంటివి ఎన్‌ఎంవో రోగికి ఇస్తే దాడులు పెరగొచ్చు. ముందే జబ్బు పేరు తేల్చమనేది అందుకే.

ఆడపిల్లకు ఈ జబ్బు ఉంటే నికా దగ్గర దాచిపెట్టే ఇళ్లున్నాయి. ఎందుకు దాస్తారో అర్థం చేసుకోవచ్చు. కానీ అత్తగారింట్లో మాత్ర దాచుకుని మింగాల్సి వస్తే, అది ఏదో ఒక రోజు ఆగిపోతుంది. ఎన్‌ఎంవోలో కాన్పు తర్వాతి నెలల్లో దాడులు పెరుగుతాయి. మైకోఫినోలేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, కాబట్టి గర్భానికి చాలా ముందే డాక్టరు మందు మార్చాలి. ఈ లెక్క భర్తకు తెలియకుండా కుదరదు. సరిగ్గా ప్లాన్ చేసుకుంటే పిల్లలను కనడానికి అడ్డేమీ లేదు.

రంజాన్ సంగతి. దాడి నడుస్తున్న రోజుల్లో, డ్రిప్ ఎక్కే రోజుల్లో రోజా ప్రశ్నే లేదు, రోగికి సడలింపు ఉంది. తర్వాత కజా ఎలా అన్నది మీ ఆలిమ్‌ను అడగాలి. నిలకడగా ఉన్నవారిలో రోజుకు ఒకసారి వేసుకునే మాత్రను సహరీకి మార్చవచ్చేమో డాక్టరే చెప్పాలి. నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్‌ను మాత్రం ఒక్క రోజు కూడా సొంతంగా ఆపకూడదు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఉమ్రా, హజ్‌కు వెళ్లేవారు టీకాలు వేయించుకునే ముందు తాము వాడే మందుల పేర్లు చూపించాలి. అక్కడి ఎండలో చూపు కాసేపు తగ్గితే అది ఊట్‌హాఫ్ చెప్పిందే కావొచ్చు, నీడలో చల్లబడ్డాక కూడా తిరిగి రాకపోతే దవాఖానకు వెళ్లాలి.

ఖర్చు ఎవరు పెట్టాలి

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్న కార్మికుడికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతంలోంచి 0.75 శాతం కట్ అవుతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. కాంట్రాక్టు కార్మికులకూ ఇది హక్కే. జీతం చీటీలో కట్ అవుతున్నా ఈఎస్‌ఐ నంబరు ఇవ్వలేదంటే కాంట్రాక్టరును ఈ రోజే అడగాలి, కన్ను పోయాక కాదు. భార్యాపిల్లలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం అందుతుంది. పనికి వెళ్లలేని రోజులకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. దానికి అంతకుముందు అర్ధ సంవత్సరంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. డిస్పెన్సరీ నుంచి రామచంద్రాపురం ఈఎస్‌ఐకి, అక్కడి నుంచి సనత్‌నగర్‌కు రాయించుకోవచ్చు.

ఈఎస్‌ఐ లేనివారికి ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఏ చికిత్స ప్యాకేజీలో ఉందో చేరే ముందే ఆరోగ్యమిత్రను అడగాలి. వికలాంగుల చట్టం 2016లో చేర్చిన 21 రకాల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు ఉంది, అంధత్వం, చూపు మందం కూడా ఉన్నాయి. అయితే పింఛను, రాయితీలకు 40 శాతం దాటాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే లెక్క 30 శాతమే వస్తుంది. ఒంటికన్నుతో డ్రైవింగ్ పని పోయినవాడికి ఈ అంకె ఎంత అన్యాయంగా అనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలంటే, మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రి సర్కారుది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. న్యూరాలజీకి నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. కాజీపల్లి నుంచి మియాపూర్ చేరి మెట్రో ఎక్కితే పంజాగుట్టలో దిగి నిమ్స్‌కు నడిచి వెళ్లొచ్చు. ఓపీ చీటీ రాసేచోట 'కళ్లు మసక' అని ఊరుకోకుండా, ఏ కన్ను, ఏ రోజు నుంచి, తిప్పితే నొప్పి ఉందా, రంగు పాలిపోయిందా అన్నది చెప్పాలి. పాత అద్దాల చీటీ, వాడుతున్న మందులన్నీ, టీబీ కార్డు ఉంటే అది, ఈఎస్‌ఐ కార్డు వెంట ఉండాలి. పరీక్ష కోసం కంటి పాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు, గంటల కొద్దీ దగ్గరి చూపు ఆనదు. బండి నడిపే ఇంకో మనిషిని తోడు తీసుకెళ్లాలి.